నాలుగో జ్వరం

తెల్లవారుజామున ఇంకా ఐదు కాలేదు. చెప్పులు బయటే వదిలి, గడప దగ్గర పరిచిన బ్లీచింగ్ గోనెపట్ట మీద కాళ్లు తుడుచుకుని, తల వంచి షెడ్డులోకి రండి. గట్టిగా మాట్లాడొద్దు. మా బావ సెల్‌ఫోన్ లైటును అరల మీద పడకుండా నేలకేసి పట్టుకున్నాడు. నిన్న సాయంత్రం దాకా కరకరా ఆకు నమిలిన వేల పురుగులు ఇప్పుడు తలలు పైకెత్తి, ఎవరో ఆగమన్నట్టు ఆగిపోయి ఉన్నాయి. మొత్తం షెడ్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"జ్వరానికి పోయినాయి రా," అన్నాడు బావ, పల్చటి గుడ్డలో మూటగట్టిన సున్నప్పొడిని పడకల మీద మెల్లగా దులుపుతూ.

పట్టుపురుగు పాత చర్మం విడిచే సమయాన్ని మా పక్క జ్వరం అంటారు. మొత్తం నాలుగు జ్వరాలు. మొదటి రెండూ పసి పురుగుల్ని పెంచే చాకీ సెంటర్లోనే గడిచిపోతాయి, మిగతా రెండూ రైతు ఇంట్లో. జ్వరంలో ఉన్న పురుగు తినదు, దాన్ని కదిలించకూడదు, దాదాపు ఒక రోజు గమ్మున వదిలెయ్యాలి. నాలుగో జ్వరం నుంచి లేచిందంటే మాత్రం మనిషికి నిద్ర ఉండదు. పురుగు పుట్టినప్పటి నుంచి గూడు కట్టేదాకా తినే ఆకులో నూటికి ఎనభై వంతులు ఆ చివరి వారంలోనే తింటుంది. అందుకే హిందూపురం పక్క మా పరిగిలో పట్టు పెంచేవాళ్లకు ఈ ఒక్క రోజూ క్యాలెండర్‌లో లేని సెలవు. బావ ఈ సెలవు కోసం పది రోజుల నుంచి చూస్తున్నాడు.

"రేపు పొద్దునకి లేస్తాయి. అంతలోపల బెంగుళూరు పోయి ఆ కారు చూసొచ్చేద్దాం. పా."

ఆ కారంటే రెండే సీట్లున్న జర్మన్ కారు. ఎర్రది, 2011 మాడల్, పైకప్పు బటన్ నొక్కితే మడుచుకుని డిక్కీలోకి పోతుంది. అమ్మేవాడు చెప్పిన ధర 24 లక్షలు. పట్టురైతుకి 24 లక్షల కారేమిటని మీరు అడగొచ్చు. పెనుకొండ పక్క హైవేకి దగ్గర్లో బావ వాళ్ల తాత వదిలిపోయిన ముక్క ఒకటి ఉండేది, మేకలు కూడా మొహం తిప్పుకునే గుట్టనేల. 2017లో కియా వస్తుందన్నారు. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ లేచింది, 2019 ఆగస్టుకి సెల్టోస్ రోడ్డెక్కింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ పక్కన ఉంటే మేకలు వద్దన్న నేలకి కూడా లెక్క వస్తుంది. లెక్క అంటే మా సీమలో డబ్బు. ఆ లెక్కలో అప్పులు తీరగా, అక్కకు నగలు చేయించగా, మిగిలింది ఇప్పుడు బావ కళ్లల్లో ఎర్రగా మెరుస్తోంది.

వెనక సీట్లో కూర్చోండి. సగం సీటు మడిచి ఉంది, ఆ పక్క పురుగులు గూళ్లు కట్టే ప్లాస్టిక్ నేత్రికల కట్టలున్నాయి, కాళ్ల దగ్గర మల్బరీ పుల్లలు. సర్దుకోండి. ఇది 2013 స్విఫ్ట్, డీజిల్. లక్షా ఎనభై ఏడు వేల కిలోమీటర్లు తిరిగింది. పట్టుగూళ్ల మూటలు హిందూపురం మార్కెట్‌కి మోసింది, మా అక్కను రెండు కాన్పులకీ ఆసుపత్రికి చేర్చింది, చివరికి ఒకసారి ట్రాక్టర్ ట్రాలీని కూడా బురదలోంచి లాగింది. దీని 1248 సీసీ ఇంజిన్ పుట్టుక ఫియట్‌ది. ఒకప్పుడు మారుతి, టాటా, ఫియట్ మూడింటి బానెట్ల కింద ఇదే ఉండేది కాబట్టి బండ్ల పిచ్చోళ్లు దీన్ని జాతీయ ఇంజిన్ అని ఎగతాళిగా, ప్రేమగా పిలిచేవాళ్లు. 75 గుర్రాలు. అవి రెండు వేల ఆర్‌పీఎం దాకా నిద్రలో ఉంటాయి, ఆ తర్వాత అన్నీ ఒక్కసారి లేస్తాయి. బావకి ఆ లేచే చోటు కాలి వేళ్లకు తెలుసు.

సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ తో పాటు డ్యాష్‌బోర్డు, తలుపు, నా మోకాలు, అన్నీ కలిసి ఒణికాయి.

"మౌంటింగులు పోయినాయి బావా."

"తెలుసులే."

పరిగి దాటుతున్నాం. అద్దం దించితే పెద్ద చెరువు మీది చల్లగాలి ముఖానికి కొడుతుంది. మొదటి స్పీడ్‌బ్రేకర్. బావ రెండో గేరుకి దిగి, ముందర చక్రాలు ఒక్కొక్కటిగా ఎక్కేట్టు బండిని రోంత అడ్డంగా తిప్పి దాటించాడు. కింద 'టడక్' అని ఒక చప్పుడు.

"ఇప్పటినించి లెక్కపెట్టు. హిందూపురం దాకా ఎన్నున్నాయో."

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం స్పీడ్‌బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంత వెడల్పుంటే కారు దాని మీద మెల్లగా ఎక్కి దిగుతుంది. మా పల్లెల్లో ఒక కుర్రవాడు బైకు కింద పడితే మర్నాటికి ఒక దిబ్బ లేస్తుంది. ఆ దిబ్బకు ఎత్తు కొలత కోపమే, వెడల్పు కొలత మిగిలిన కంకర. నేను ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత గొర్రెలమంద అడ్డమొచ్చి లెక్క తప్పింది.

హిందూపురం ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. మార్కెట్ యార్డు వైపు చింతపండు మూటల లారీలు తోకలాగా నిలబడి ఉన్నాయి. ఊరు దాటి గౌరిబిదనూరు రోడ్డెక్కాక ఏ రాయి దగ్గర ఆంధ్ర అయిపోయిందో మీరు గమనించి ఉండరు. బోర్డులు కన్నడంలోకి మారాయి, మనుషులు తెలుగే మాట్లాడుతున్నారు. టిఫిన్‌కి ఆగిన హోటల్లో బావ తట్టె ఇడ్లీ తుంచుతూ, ఫోన్లో ఆ కారు బొమ్మ మళ్లీ పెద్దది చేసి చూశాడు.

ఈ పిచ్చి ఇప్పటిది కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల ఫార్ములా ఈ పందెం జరిగితే, గూళ్లు అమ్మిన లెక్కతో టికెట్ కొని మరీ పోయాడు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. వచ్చాక బావ చెప్పిందొకటే: "స్పీడు భయంకరం రా. కానీ సౌండు లేదు. మిక్సీలో చట్నీ తిప్పినట్లుంది." ఆ ఎర్ర కారులో ఉన్నట్టు ఆరు సిలిండర్లు కావాలని అప్పుడే అనుకున్నాడేమో.

దొడ్డబళ్లాపురం, యెలహంక దాటి ఎండ నెత్తికెక్కే వేళకి చేరాం. పాత కార్లు అమ్మే చోటు. అద్దాల గది, పైన తెల్ల లైట్లు. అమ్మే అబ్బాయి చక్కటి తెలుగువాడే, చిత్తూరు యాస. "పరిగి నుంచా సార్? వికారాబాద్ దగ్గర కదా?" అన్నాడు. ఈ మాట మాకు కొత్త కాదు. మ్యాపులో పరిగి అని కొడితే చాలాసార్లు ముందు తెలంగాణ పరిగే వస్తుంది. మా పరిగికి ఉత్తరాలు కూడా అట్లే తిరిగి తిరిగి వచ్చేవని మా నాయన చెప్పేవాడు.

అదిగో, మూలన.

ఫోటోలో చూసినదానికంటే చిన్నది. నేలకు అంటుకుపోయినట్టుంది. లేపాక్షి బసవన్న గుర్తొచ్చాడు నాకు: కూర్చునే ఉంటాడు, అయినా చూసినవాడికి ఇప్పుడే లేస్తాడనిపిస్తుంది. పొడుగాటి ముందు భాగం, చిన్న వెనక భాగం, నడుమ గుంటలాంటి రెండు సీట్లు. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, ఏమీ ముట్టుకోలేదు. రెండోసారి తిరిగి, ముందర బంపర్ దగ్గర గొంతుక్కూర్చుని, చెయ్యి సాచి, బొటనవేలు నేలకు ఆనించి జాన కొలిచాడు. చిటికెన వేలు బంపర్ అంచు దాటి పైకి పోయింది.

జానెడు లేదు.

"రౌండు పోదామా సార్?" అన్నాడు అబ్బాయి.

ఇక్కడ మీరూ నేనూ ఆగిపోవాలి. రెండే సీట్లు. ఆ బాదంచెట్టు నీడలో నిలబడండి. స్టార్ట్ చేసినప్పుడు మొదట దగ్గినట్టు ఒక చప్పుడు, తర్వాత మందంగా, కింద నేల నుంచి వచ్చినట్టు ఒక ఉరుము. పక్క షాపు పనివాళ్లు పని ఆపి చూశారు. సిగ్నల్ దాకా పాములాగా పోయి, పచ్చ పడగానే మాయమైంది. చప్పుడు మాత్రం రెండు వీధుల అవతల నుంచి కాసేపు వినబడింది.

పది నిమిషాలకు వచ్చారు. దిగిన మనిషి మా బావే. కానీ మొహం ఇరవై ఏళ్లది. "నువ్వు కూర్చో," అన్నాడు నాతో, గొంతు బొంగురుగా ఉంది.

కూర్చోవడం అనేది సరైన మాట కాదు. ముందు నడుం లోపలికి దించి, తల వంచి, తర్వాత కాళ్లను ఒక్కోటి తెచ్చుకోవాలి. లోపల పాత తోలు వాసన, ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన. స్టీరింగ్ లావుగా, అరచేతి నిండా ఉంది. బావ పైకప్పు బటన్ నొక్కాడు. ఇరవై క్షణాలపాటు మోటార్ల మూలుగు, ఇనుప రేకులు ఒకదాని మీదొకటి మడుచుకోవడం, తర్వాత నెత్తి మీద ఆకాశం. అప్పుడే వెనక్కి తిరిగి డిక్కీ చూశాను. మడిచిన కప్పు డిక్కీని మింగేసింది. మిగిలిన సందులో ఒక చేతిసంచి పడుతుందేమో.

ఖాళీ రింగురోడ్డు సర్వీస్ దారిలో బావ ఒక్క సారి కాలు నొక్కాడు. ఎవరో రెండు చేతులతో గుండెల మీద నెట్టి సీటుకు అంటించినట్టయింది. నేను అరిచాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆనందంతో అరిచాను. అంత హాయి నాకు ఏ బండిలోనూ తెలియదు. స్విఫ్టే మంచిదని తీర్పు చెప్పడానికి నేను రాలేదని మీకు తెలియాలని ఈ సంగతి చెప్పాను.

తర్వాత వీధిలోకి తిరిగాం. అక్కడొక స్పీడ్‌బ్రేకర్ ఉంది, బెంగుళూరుది, మా ఊరి దిబ్బల్లో సగం కూడా ఉండదు. బావ పరిగి పద్ధతిలోనే అడ్డంగా తిప్పి, నడిచినంత మెల్లగా ఎక్కించాడు. అయినా కింద 'గరక్' మంది. ఇద్దరం మాట్లాడలేదు.

షోరూంలో కాగితాలు తిరగేశాడు బావ. మనిషి మారిపోయాడు, గూళ్ల వేలంలో కూర్చున్నప్పటి మనిషి వచ్చాడు. 2011 రిజిస్ట్రేషన్, అంటే 2026కి 15 ఏళ్లు నిండుతాయి, ఆర్‌సీని ఫిట్‌నెస్ చూపించి మళ్లీ పొడిగించుకోవాలి. బండి కర్ణాటకది. ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే నంబరు మార్చుకోవాలి, అందుకు ఇక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ, మన దగ్గర మళ్లీ లైఫ్ ట్యాక్స్. టైర్లు వెనకవి ఒక సైజు, ముందువి ఇంకో సైజు, గాలి పోయినా కొంత దూరం నడిచే రకం.

"స్టెప్నీ ఏదీ?" అన్నాడు బావ.

"ఉండదు సార్. రన్‌ఫ్లాట్ టైర్లు కదా. అక్కర్లేదు."

"మా రోడ్డులో మేకు దిగితే?"

"కంపెనీకి ఫోన్ చేస్తే టో చేస్తారు సార్."

బావ నావైపు చూశాడు. పరిగి పంచర్ షాపులో రబ్బరు ముక్క, సొల్యూషన్, నీళ్ల తొట్టి ఉంటాయి. టో చేయడానికి వచ్చే బండి దారి అడిగితే, ఏ పరిగి అని మళ్లీ మొదలు.

ఆ అబ్బాయి తప్పేం లేదు. ఉన్నవన్నీ ఉన్నట్టే చెప్పాడు. అడ్వాన్స్ కింద యాభై వేలు కట్టమన్నాడు. బావ జేబులోంచి చెక్కుబుక్కు తీశాడు, పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "రాత్రికి చెప్తా," అన్నాడు.

తిరుగు దారిలో కావాలనే చుట్టు తిరిగి హైవే మీదుగా వచ్చాం. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కొడికొండ. నాలుగు లైన్ల నేషనల్ హైవే 44 మీద కారుకు 2018లో పెట్టిన హద్దు గంటకు 100 కిలోమీటర్లు. స్విఫ్ట్ ఆ వందని మూడు వేల ఆర్‌పీఎం దాటకుండా, గొణుక్కుంటూ అందుకుంటుంది. "ఆ ఎర్రది వంద అందుకునేసరికి నేను ఇంకా ఊపిరి పీల్చలేదు రా," అన్నాడు బావ. తర్వాత ఐదు నిమిషాలకు, "వంద తర్వాత దానికి పనేం ఉంటుంది ఈడ?" అని కూడా తనే అన్నాడు. సోమందేపల్లి పక్కన కొత్త కార్లు ఎక్కించుకున్న పొడుగాటి ట్రెయిలర్ ఒకటి హైవే ఎక్కుతోంది. ప్లాస్టిక్ తొడుగులు కట్టుకున్న తెల్ల కార్లు. బావ తాత గుట్టనేలని అమ్మించింది ఇవే. బావ వాటికేసి చూడను కూడా లేదు.

చీకటి పడే వేళకి హిందూపురంలో మెకానిక్ భాయ్ షెడ్డు. నేల మీద నల్లటి ఆయిల్ పొర, గోడకి రెంచీల వరస, గుంటలో నుంచి బల్బు వెలుగు. భాయ్ స్విఫ్ట్‌ని పదేళ్లుగా చూస్తున్నాడు. బావ అడిగాడు, ఎప్పటినుంచో మనసులో నానుతున్న మాట.

"భాయ్, దీన్నే స్పీడు బండి చెయ్యాలంటే?"

భాయ్ నవ్వలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుని, బండి ముందర మూల రెండు చేతులతో నొక్కి వదిలాడు. బండి లేచి, దిగి, మళ్లీ లేచి, ఇంకోసారి ఊగింది. "ఒకసారి లేచి ఆగాలి అన్నా. మూడుసార్లు ఊగుతాంది. షాకబ్జర్వర్లు చచ్చిపోయినాయి. ముందు ఇది బతికున్నప్పుడు ఎట్లుండిందో అట్ల చేద్దాం. స్పీడు తర్వాత మాట్లాడదాం."

గుంటలోకి దిగి టార్చి వేసి మనల్ని కూడా చూడమన్నాడు. వంగి చూడండి. లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు ఎండిన చెరువు అడుగులాగా పగిలిపోయి ఉంది. భాయ్ అందులో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే ఇనుము ఇనుముకి తగిలి 'టడక్' అంది. పొద్దున మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర విన్న చప్పుడు అదే.

అట్టముక్క మీద పెన్సిల్‌తో రాశాడు. షాకబ్జర్వర్లు నాలుగు 18,000. ఆర్మ్‌లు, లింక్ రాడ్లు, బుష్‌లు 9,000. ఇంజిన్ మౌంటింగులు 6,000. క్లచ్ సెట్టు 11,000. బ్రేకు డిస్కులు, ప్యాడ్లు 8,000. 15 అంగుళాల అలాయ్‌లు, టైర్లు 46,000. కూలీ 12,000. మొత్తం లక్షా పది వేలు.

టైర్ల దగ్గర బావ పట్టుపట్టాడు. 17 అంగుళాలు వెయ్యమన్నాడు. భాయ్ తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడున్నది 165/80 ఆర్14, చక్రం మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. కంపెనీ తనే పై రకం స్విఫ్ట్‌కి ఇచ్చిన 185/65 ఆర్15 వేస్తే ఎత్తు 622, మీటరు తప్పు చూపదు, మలుపులో పట్టు పెరుగుతుంది, గుంటలో పడితే రిమ్ముకి దెబ్బ తగలకుండా రబ్బరు మిగులుతుంది. పదిహేడులో రబ్బరు ఇంతే ఉంటుందని రెండు వేళ్లు చూపించాడు. "మీ రోడ్డుకి నెలకొక రిమ్ము కొంటావు అన్నా."

"మరి ల్యాప్‌టాప్ పెట్టి పవర్ పెంచుతారంట కదా?"

రీమ్యాప్ సంగతి. ఇంజిన్ కంప్యూటర్‌లో డీజిల్, టర్బో గాలి లెక్కలు మార్చి రాస్తారు. 75 గుర్రాలు తొంభై పైకి పోతాయి. పాత క్లచ్ ఆ బలానికి జారుతుంది, పాత టర్బో వేడెక్కుతుంది. బండిని కంపెనీ ఇచ్చిన కొలతల నుంచి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చేర్చారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లు వెతికేది కూడా ఇలాంటి సందుల కోసమే. భాయ్‌కి సెక్షన్లు తెలియవు. "సైలెన్సర్ మారిస్తే పోలీసోళ్లు ఆపుతారు, కంప్యూటర్ మారిస్తే దేవుడు ఆపుతాడు," అన్నాడు.

మార్పులకు పెట్టిన లెక్క అమ్మేటప్పుడు తిరిగి రాదని బావ అన్నాడు. నిజమే. లక్షా పది వేలు పెట్టినా ఈ స్విఫ్ట్ ధర పది వేలు పెరగదు. ఆ ఎర్ర కారు మాత్రం పడాల్సినంత పడిపోయింది, రెండేళ్లు నడిపి అమ్మినా పెద్దగా పోదు. ఈ లెక్కలో బావదే గెలుపు, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ రెండేళ్లలో దాన్ని నడిపేది ఎక్కడ అనే ప్రశ్నకి మాత్రం భాయ్ అట్టముక్కలో గడి లేదు.

ఇంటికొచ్చేసరికి అక్క సంగటి ముద్దలు చేసి పెట్టింది, చెనిక్కాయల పచ్చడి. కారు గురించి ఏమీ అడగలేదు. బావే ఫోటో చూపించాడు. అక్క దాన్ని చూసి, "బాగుంది. నువ్వూ మా తమ్ముడూ దాంట్లో పోండి. నేనూ పిల్లోళ్లూ బస్సుకొస్తాం," అని ముద్ద మీద గుంట చేసి నెయ్యి వేసింది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు నాలుగున్నరకి మళ్లీ షెడ్డు. గోనెపట్ట మీద కాళ్లు తుడుచుకోండి. పురుగులు లేచాయి. కొత్త చర్మంతో రోంత ముడతలుగా, బూడిద రంగులో, తలలు పెద్దవిగా, పక్కకి పక్కకి వెతుకుతున్నాయి. తోటలో కోసిన మల్బరీ కొమ్మల కట్టలు స్విఫ్ట్ డిక్కీ నిండా, వెనక సీటు నిండా, కిటికీలోంచి బయటికి కూడా ఉన్నాయి. మంచుకు తడిసిన ఆకు వాసన. బావ, నేను, అక్క, ఒకరి వెనక ఒకరం కట్టలు మోస్తున్నాం.

బావ ఫోన్ మోగింది. రెండు చేతుల్లో కొమ్మలు. "నువ్వెత్తు," అన్నాడు.

బెంగుళూరు అబ్బాయి. నిద్రపోడా ఇతను అనుకున్నాను. ఓనర్ రాత్రి ఒప్పుకున్నాడట, ఇరవై రెండుకి ఇచ్చేస్తాడట, ఇంకో పార్టీ మధ్యాహ్నం వస్తోందట. నేను ఫోన్ గుండెలకి ఆనించుకుని బావకి చెప్పాను.

బావ కొమ్మని అర మీద మెల్లగా పరిచాడు. కింద పురుగులు ఆకు అంచుకి పాకి తల ఊపడం మొదలుపెట్టాయి.

"గూళ్లు దించినాక మాట్లాడదామని చెప్పు," అన్నాడు. "పది పన్నెండు రోజులు. ఉంటే ఉంటుంది." ఇంకో కట్ట కోసం బయటికి నడుస్తూ, కారు పక్కన ఆగి, ముందర మూల మీద రెండు చేతులూ పెట్టి ఒకసారి నొక్కి వదిలాడు.